పిల్లలకు మాట రాకపోతే జన్యు కారణం ఉందేమో ఎలా వెతకాలి

మా పాపకు మాటలు రాకపోతే, రెండున్నరేళ్లు వచ్చేదాకా ఇంట్లో అందరూ అనేది ఒక్కటే. "వస్తయిలే, వాళ్ల నాయినకు గూడ మూడేండ్లకే వచ్చినయి." దేవరకొండ దగ్గర మా ఊళ్లో అత్తమ్మ వసకొమ్ము అరగదీసి నాకించింది, పక్కింటి పెద్దమ్మ నాలుక కింద నరం కోయించమంది, ఒక డాక్టరు సారైతే ఐదేళ్లు నిండేదాకా ఆగమన్నాడు. చెవులు ఒకసారి చూపించమని మాత్రం ఎవరూ అనలేదు. చివరికి తేలిందేమిటంటే పాపకు పుట్టుకతోనే రెండు చెవులూ వినపడవు, కారణం కనెక్సిన్ 26 అనే జన్యువు, నేనూ మా ఆయనా చెరొక దెబ్బతిన్న కాపీ ఇచ్చాం. మాది మేనరికం.

అప్పటి నుంచి చుట్టుపక్కల ఎవరి పిల్లలకు మాట ఆలస్యమైనా నాకు ఫోన్ వస్తుంది. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి అంతా ఒక్కచోట రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, ఫైలు చంకలో పెట్టుకుని నాలుగేళ్లు తిరిగిన తల్లిని. అందుకే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నదే ఎక్కువ చెబుతా, ఎందుకంటే చాలామంది డబ్బులూ టైమూ పోగొట్టుకునేది అక్కడే. పెద్ద జన్యు పరీక్ష చివర్లో వచ్చేది. మొదట చెవి, తర్వాత ఒక తెల్లకాగితం, ఆ తర్వాతే జన్యు పరీక్షకు రక్తం.

నిజంగా ఆలస్యమేనా

పన్నెండు నెలలకు బబబ, దదద అనకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, పదహారు నెలలకు ఒక్క మాట కూడా లేకపోతే, రెండేళ్లకు "అమ్మ దా", "పాలు కావాలె" లాంటి రెండు మాటల కూర్పు లేకపోతే ఇక ఆగొద్దు. ఇంకొకటి, వచ్చిన మాటలు పోవడం. అది ఏ వయసులో జరిగినా సరే, ఆ వారమే డాక్టర్ దగ్గరికి పోవాలి.

"వాళ్ల నాయినకు గూడ లేటే" అన్న మాటను మనవాళ్లు ధైర్యానికి వాడతారు. నిజానికి అది ఒక సమాచారం. మాట ఆలస్యం కుటుంబాల్లో నడుస్తుంది, తండ్రికి లేటుగా వచ్చిందంటే బిడ్డను ఇంకొంచెం ముందే చూపించాలి తప్ప ఇంకొంచెం ఆగడానికి అది కారణం కాదు. ఆ నాయిన మూడేండ్లకు మాట్లాడాడు సరే, బళ్లో చదవడం రాక ఐదో తరగతిలో మానేశాడా లేదా అన్నది ఎవరూ చెప్పరు. అది కూడా అడగండి.

జన్యువుల జోలికి పోకముందు పక్కన పెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో లంబాడీ, అంగన్‌వాడీలో తెలుగు, రెండు భాషల వల్ల మాట ఆగిపోయిందని తండాల్లో చాలామందికి చెప్పి పంపిస్తున్నారు. అది తప్పు. రెండు భాషల వల్ల మాట రాకుండా పోదు, మీ భాష మానేయకండి. తల్లిదండ్రులు పాలమూరు నుంచి ముంబైకో పుణేకో పనికి పోయి పిల్లాడు అవ్వ దగ్గర ఫోన్ చూస్తూ పెరిగితే మాటలు తగ్గొచ్చు, నిజమే, కానీ ఆ ఒక్క కారణం దొరికిందని పరీక్షలు మానేయొద్దు, వినపడని పిల్లాడు కూడా ఫోన్ ముందు బుద్ధిగానే కూర్చుంటాడు. మా నల్లగొండ వైపు ఇంకొకటి ఉంది, ఏ జబ్బుకైనా ఫ్లోరైడ్ నీళ్లే అంటాం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఎంతమంది నడుం వంచిందో నేను కళ్లారా చూశాను, కానీ అది ముఖ్యంగా పళ్లనూ ఎముకలనూ కొడుతుంది. పుట్టినప్పటి నుంచి చప్పుడుకు తిరగని బిడ్డ విషయంలో నీళ్లను తిట్టుకుంటూ కూర్చుంటే నెలలు పోతాయి.

నాలుక కింద నరం గురించి ఒక్క ముక్క. అది బిగుతుగా ఉంటే పాలు తాగడానికి ఇబ్బంది అవ్వొచ్చు, ఒకటి రెండు అక్షరాలు సరిగా పలకకపోవచ్చు. అసలు మాటే రాకపోవడానికి అది కారణం కాదు. వస సంగతి అంతే, ఎక్కువ మాట్లాడేవాళ్లను వసపిట్ట అనుకోవడానికి బాగుంటుంది కానీ చెవికి అది మందు కాదు.

మొదటి పని: చెవి

పిల్లాడి వెనక నిలబడి పళ్లెం మీద గరిటెతో కొట్టడం, చప్పట్లు కొట్టడం, ఇవి పరీక్షలు కావు. మా పాప పళ్లెం చప్పుడుకు తిరిగేది. నేల అదిరితే కాళ్లకు తెలుస్తుంది, నీడ కదిలితే కంటికి తెలుస్తుంది, పుట్టుకతో వినపడని పిల్లలు ఈ రెంటిలో మనకంటే చురుకు. ఇంకో మోసం, వినపడని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఊ ఊ అంటారు, కేరింతలు కొడతారు, ఆరేడు నెలల తర్వాత ఆ చప్పుళ్లు మెల్లగా తగ్గిపోతాయి. అందుకే "చిన్నప్పుడు మంచిగనే శబ్దం చేసింది" అని మనం నమ్ముతాం.

రెండు పరీక్షలు ఉన్నాయి. ఓఏఈ అంటే చెవిలో చిన్న మొన పెట్టి లోపలి చెవి బదులిస్తుందా అని చూస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. బేరా అంటే తలకు తీగలు అంటించి చప్పుడు నరం గుండా మెదడు కాండం దాకా పోతుందా అని చూస్తారు. పుట్టిన నెల లోపు మొదటి చెవి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు వినికిడి యంత్రం, ప్రపంచమంతా పాటించే లెక్క ఇది. మనం దాటిపోయి ఉండొచ్చు, ఫర్వాలేదు, ఈ వారం మొదలుపెట్టండి.

ఓఏఈ పాస్ అయిందని ఇంటికి వచ్చేయకండి. ఓటీఓఎఫ్ అనే జన్యువు చెడితే లోపలి చెవి బదులిస్తుంది, కానీ ఆ సంకేతం నరానికి అందదు. ఓఏఈ బాగుంటుంది, బేరా పోతుంది. మాట రాని బిడ్డకు రెండూ చేయించాలి. (ఈ జన్యువుకే చైనాలో చేసిన జన్యుచికిత్సతో కొందరు పిల్లలకు వినికిడి వచ్చిందని 2024లో ఫలితాలు వచ్చాయి. మనదాకా రావడానికి టైం పడుతుంది కానీ చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.)

బేరాకు పోయేవాళ్లకు అనుభవం మీద చెబుతున్నా. బిడ్డ నిద్రపోతేనే పరీక్ష అవుతుంది. నల్లగొండ నుంచి అయినా మహబూబ్‌నగర్ నుంచి అయినా హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్లు, బస్సులో పిల్లలు హాయిగా పడుకుంటారు, అక్కడికి పోయాక నిద్ర మందు తాగించినా కళ్లు తెరుచుకుని ఆడుకుంటారు. మాకు రెండుసార్లు అట్లాగే తిరిగి రావాల్సి వచ్చింది. ముందురోజు లేటుగా పడుకోబెట్టి తెల్లారుజామునే లేపండి, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి మెలకువగా ఉంచండి, మందు వేసేముందు ఎంతసేపు ఏమీ తినిపించొద్దో ముందే అడిగి రాసుకోండి. జలుబు ఉంటే వాయిదా అడగండి, చెవిలో నీరు చేరితే ఫలితం తప్పుగా వస్తుంది.

చెవి బాగాలేదని తేలితే ఒక ఈసీజీ తీయించండి. చెవులు వినపడకపోవడం, గుండె లయ తప్పి ఉన్నట్టుండి పడిపోవడం రెండూ కలిసి వచ్చే అరుదైన జన్యు జబ్బు ఒకటి ఉంది, మేనరికాల్లో దాని అవకాశం ఎక్కువ. ఈసీజీకి పెద్దగా ఖర్చు కాదు, పది నిమిషాల పని. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసేముందు అది తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇదే విడతలో థైరాయిడ్ టీఎస్‌హెచ్ కూడా చూపించండి. పుట్టుకతో థైరాయిడ్ తక్కువైతే బుద్ధీ మాటా రెండూ వెనకపడతాయి, దానిలో కొన్ని రకాలు జన్యువుల వల్ల వచ్చేవే, మాత్ర ఉంది, ఎంత ముందు వేస్తే అంత మేలు. మూర్ఛ, ఒంటి మీద దద్దుర్లు, జుట్టు ఊడడం, వినికిడి తగ్గడం కలిసి ఉంటే బయోటినిడేజ్ పరీక్ష అడగండి, అది కూడా జన్యు జబ్బే, బయోటిన్ అనే విటమిన్ రోజూ వేసుకుంటే అదుపులో ఉంటుంది. మందు ఉన్న జబ్బులను ముందు వెతకాలి, ఇది నా మాట కాదు, హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో మాకు కూర్చోబెట్టి చెప్పినావిడ మాట.

రెండో పని: తెల్లకాగితం మీద ఇంటి చెట్టు

ఇది మీరే చేయాలి, డబ్బు పెట్టినా ఎవరూ చేసిపెట్టరు. ఒక పెద్ద కాగితం తీసుకోండి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం. భార్యాభర్తల మధ్య ఒక గీత, దగ్గరి చుట్టరికంలో పెళ్లయితే రెండు గీతలు. కిందికి పిల్లలు, పుట్టి పోయినవాళ్లూ కడుపులోనే పోయినవాళ్లూ కూడా. కనీసం మూడు తరాలు, అంటే మీ బిడ్డ అవ్వాతాతల దాకా. ఇబ్బంది ఉన్నవాళ్ల బొమ్మను నల్లగా నింపండి. పక్కన ఊరి పేరు రాయండి, ఎందుకంటే "మాది దగ్గరి చుట్టరికం కాదు, ఊరు మాత్రం ఒకటే" అన్నవాళ్ల చెట్టు గీస్తే ముత్తాత దగ్గర రెండు కొమ్మలు కలుస్తుంటాయి.

ఎవరిని అడగాలి అంటే, మగవాళ్లను కాదు. పెద్దల పండగకో బోనాలకో ఇంటి ఆడపడుచులంతా వచ్చినప్పుడు ఒక మూల కూర్చుని బియ్యం ఏరుకుంటూ అడగండి. "మన ఇంట్ల ఎవరికన్న రోగం ఉన్నదా" అంటే నోరు మెదపరు, సంబంధాలు చెడిపోతాయని భయం. "చిన్నప్పుడు ఎవరు లేటుగ మాట్లాడిన్రు, ఎవరు నత్తిగ మాట్లాడేది, ఎవరికి ఫిట్స్ వచ్చేది" అంటే గలగలా చెబుతారు. మా అత్తమ్మ అట్లాగే చెప్పింది, తన చిన్నాయన కొడుకు ఒకతను "సైగలోడు" అని, పశువులు కాసుకునేవాడని, పెళ్లి కాలేదని. అప్పటిదాకా ఆ మనిషి ఉన్నట్టే నాకు తెలియదు.

ఈ ప్రశ్నలు తప్పకుండా వేయండి. చెవుడు ఎవరికి, పుట్టుకతోనా ముసలితనంలోనా? తల ముందు వెంట్రుకల్లో తెల్లపాయ, నీలి కళ్లు ఉండి వినపడనివాళ్లు ఉన్నారా? పుట్టగానే గుండెకు రంధ్రం, అంగిలి చీలిక, పాలు తాగితే ముక్కులోంచి రావడం ఎవరికైనా? తల్లి వైపు మగపిల్లల్లో బుద్ధి ఎదగనివాళ్లు ఉన్నారా? తల్లి వైపు తాతకో ముత్తాతకో యాభై అరవై దాటాక చేతులు వణికి, నడక తూలేదా? తల్లి వైపు ఆడవాళ్లలో నలభై లోపే ముట్టు దానంతట అదే ఆగిపోయినవాళ్లు ఉన్నారా? ఈ చివరిది మన దగ్గర జాగ్రత్తగా అడగాలి, ముప్పై ఐదుకే గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు, అది లెక్కలోకి రాదు. ఆపరేషన్ లేకుండా ఆగిందా అని అడగండి. తాత వణుకుడుకూ మనవడి మాటకూ సంబంధం ఏమిటి అనుకుంటారు, ఫ్రాజైల్ ఎక్స్ అనే జబ్బులో ఆ మూడూ ఒకే జన్యువు పని. తాతలో వణుకుగా, పెద్దమ్మలో ముట్టు ఆగడంగా, మనవడిలో మాట రాకపోవడంగా బయటపడుతుంది.

ఈ కాగితం వల్ల ఇంట్లో గొడవ కూడా అవుతుంది, ముందే చెబుతున్నా. "మీ వైపు నుంచే వచ్చింది" అని మొదలవుతుంది. మా ఇంట్లోనూ అయింది. మేనరికంలో మీ వైపు, మా వైపు అని కొట్లాడుకోవడమే వింత, రెండు వైపులూ పోయి ఒకే అవ్వ దగ్గర తేలతాయి. బావామరదళ్లకు జన్యువుల్లో సుమారు ఎనిమిదో వంతు ఒక్కటే, మేనమామా మేనకోడలికైతే నాలుగో వంతు. ప్రతి మనిషిలోనూ కొన్ని దెబ్బతిన్న కాపీలు నిద్రపోతూ ఉంటాయి, రెండో కాపీ బాగుంటే ఏమీ కాదు. ఒకే అవ్వ నుంచి వచ్చిన అదే దెబ్బతిన్న కాపీ భార్యకూ భర్తకూ చేరితే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు రెండూ చెడ్డవే రావడానికి. ప్రతి కాన్పులోనూ, ఇది గుర్తుంచుకోండి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాత ముగ్గురికీ రాదు అని ఒకాయన నాతో వాదించాడు, నాణెం ఎగరేస్తే దానికి పోయినసారి ఏం పడిందో గుర్తుండదు కదా.

అట్లా అని ప్రతిదీ మేనరికం మీదికి తోయకండి. డౌన్ సిండ్రోమ్‌కు మేనరికంతో సంబంధం లేదు, ఫ్రాజైల్ ఎక్స్‌కూ లేదు. దూరపు సంబంధం చేసుకున్న జంటల్లోనూ ఇద్దరిలో ఒకే జన్యువు దెబ్బతిని ఉండొచ్చు.

మూడో పని: బిడ్డ ఏ దారిలో ఉందో చూడడం

ఇక్కడ డాక్టరుకు మీరు ఏం చెబుతారో దాన్నిబట్టి పరీక్ష మారుతుంది. అందుకే ఇంట్లో రెండు మూడు రోజులు బిడ్డను గమనించి రాసుకోండి, ఫోన్‌లో చిన్న వీడియోలు తీయండి. ఆసుపత్రిలో ఏడ్చే పిల్లాడిని చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు.

వినికిడే సమస్య అయితే దారి కొంచెం సూటిగా ఉంటుంది. పుట్టుకతో వచ్చే చెవుడులో పెద్ద వాటా జన్యువులదే, మన దేశంలో ముందు చూసేది కనెక్సిన్ 26, దానిలోనూ డబ్ల్యూ24ఎక్స్ అనే మార్పు ఎక్కువ. ఈ జన్యువు అని తేలితే ఒక మంచి సంగతి ఉంది, దెబ్బ లోపలి చెవిలోనే, నరం బాగుంటుంది, కాబట్టి కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే వినికిడి పరికరం) బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. మాకు ధైర్యం ఇచ్చింది ఆ ముక్కే.

చెవులు బాగున్నాయి, కానీ ముఖం కొంచెం వేరుగా, ఒళ్లు మెత్తగా, నడకా మాటా రెండూ లేటు. ఇట్లా ఉంటే క్రోమోజోములు, అంటే జన్యువులను మోసే పోగులు చూస్తారు. డౌన్ సిండ్రోమ్‌లో ఇరవై ఒకటో క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయి, కారియోటైప్ అనే పరీక్షలో కనిపిస్తుంది. ఎక్కువ కేసుల్లో అది తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, కొద్దిమందిలో మాత్రం ఒక ముక్క వేరే క్రోమోజోముకు అతుక్కుని వస్తుంది, అప్పుడు అమ్మానాన్నలకూ పరీక్ష చేయాలి. ఈ పిల్లలకు చెవి లోపల నీరు చేరడం మామూలు, కాబట్టి "డౌన్ కదా, అందుకే మాట్లాడడు" అని చెవిని వదిలేయొద్దు.

ముక్కుతో మాట్లాడినట్టు ఉండడం, పాలు ముక్కులోంచి రావడం, గుండె సమస్య, కాల్షియం తగ్గి ఫిట్స్ రావడం, ఇవి కలిస్తే ఇరవై రెండో క్రోమోజోములో చిన్న ముక్క పోయిందేమో చూడాలి. మామూలు కారియోటైప్‌లో అది సాధారణంగా దొరకదు, అంత చిన్న ముక్కలను కూడా పట్టే మైక్రోఅరే కానీ ఫిష్ కానీ అనే పరీక్ష కావాలి. మగపిల్లాడికి మాట లేటు, కళ్లలోకి చూడడు, చేతులు కొరుక్కుంటాడు, తల్లి వైపు మగవాళ్లలో ఇట్లాంటివాళ్లు ఉన్నారు, అప్పుడు ఫ్రాజైల్ ఎక్స్ పరీక్ష విడిగా అడగాలి. విడిగా అని ఎందుకంటున్నానంటే మామూలు ఎక్సోమ్ పరీక్ష, అంటే జన్యువుల్లో ప్రొటీన్లు తయారుచేసే భాగాలన్నీ ఒకేసారి చదివేది, దాన్ని పట్టుకోదు. ఎక్సోమ్‌కు బోలెడు డబ్బు పెట్టి ఏమీ లేదని రిపోర్టు తెచ్చుకుని, తర్వాత అంతకంటే చాలా తక్కువలో అయ్యే ఫ్రాజైల్ ఎక్స్ పరీక్షలో బయటపడ్డ కుటుంబం నాకు తెలుసు.

ఏడాది దాకా బాగున్న ఆడపిల్ల, వచ్చిన నాలుగు మాటలూ పోయి, చేతులు కడుక్కుంటున్నట్టు ఎప్పుడూ పిసుక్కుంటుంటే రెట్ సిండ్రోమ్ అనుమానం, ఎంఈసీపీ2 జన్యువు. ఊరికే నవ్వుతూ, తూలుతూ నడుస్తూ, ఫిట్స్ ఉండి, మాటే లేకపోతే ఏంజెల్‌మాన్, దానికి ముందు చేసేది మిథైలేషన్ పరీక్ష, జన్యువుల మీది రసాయన గుర్తులను చూసేది. మాటలు పోయి, ఫిట్స్ ఉంటే నిద్రలో ఈఈజీ (మెదడులోని కరెంటును గీతలుగా చూపే పరీక్ష) తీయించాలి, జీఆర్ఐఎన్2ఏ అనే జన్యువులో మార్పుల వల్ల అట్లా జరుగుతుంటుంది.

ఇంకో రకం ఉంది, అన్నీ అర్థమవుతాయి, చెప్పిన పని చేస్తాడు, కానీ నోరు తిప్పడానికి తంటాలు పడతాడు, ఒకే మాటను మూడుసార్లు మూడు రకాలుగా అంటాడు. దీన్ని అప్రాక్సియా అంటారు. లండన్‌లో ఒక పెద్ద కుటుంబంలో మూడు తరాల్లో దాదాపు సగం మందికి ఇట్లా ఉండేది, వాళ్ల వల్లే 2001లో ఏడో క్రోమోజోము మీద ఫాక్స్‌పీ2 అనే జన్యువు దొరికింది. పేపర్లు దాన్ని "మాట జన్యువు" అని రాశాయి. ఆ పేరు మీద నాకు కోపం. ఆ ఒక్క జన్యువు చెడి వచ్చేది చాలా తక్కువమందికి, కానీ ఇంటర్నెట్‌లో చదివి "మా బాబుకు ఫాక్స్‌పీ2 టెస్ట్ చేయించాలి" అని నాకు ఫోన్ చేసేవాళ్లు మాత్రం ఎక్కువ. అప్రాక్సియా గట్టిగా ఉన్న పిల్లల్లో వెతికితే మూడింట ఒక వంతు మందిలో ఏదో ఒక జన్యు మార్పు దొరుకుతోంది, అవి రకరకాల జన్యువులు, అందుకే ఒక్క జన్యువు కాకుండా మైక్రోఅరే, ఎక్సోమ్ చేస్తారు.

మిగిలినవాళ్లే ఎక్కువమంది. చెవి బాగుంది, తెలివి బాగుంది, ముఖంలో తేడా లేదు, మాట మాత్రం వెనకబడింది. బయటి దేశాల లెక్కల్లో బడి ఈడు పిల్లల్లో వందకు సుమారు ఏడుగురికి ఇట్లా ఉంటుంది. ఇదీ కుటుంబాల్లో నడిచేదే, కవలల మీద చేసిన పరిశోధనల్లో అది తేలింది, కానీ ఎన్నో జన్యువులు తలా కొంచెం పని చేస్తాయి. దీనికి రక్తపరీక్ష లేదు. ఎవరైనా ప్యాకేజీ అని అమ్మితే కొనకండి, ఆ డబ్బు స్పీచ్ థెరపీకి పెట్టండి. నత్తి సంగతి కూడా అంతే, పాకిస్తానీ కుటుంబాల్లో వెతికి 2010లో కొన్ని జన్యువులు కనిపెట్టారు కానీ మామూలు నత్తికి జన్యు పరీక్ష పనిలేదు.

ఎక్కడికి పోవాలి

మీ అంగన్‌వాడీ టీచర్‌ను ఆర్‌బీఎస్‌కే (పిల్లలను ఊరూరా చూసే సర్కారు ఆరోగ్య పథకం) బండి ఎప్పుడు వస్తుందని అడగండి. 2013లో మొదలైన పథకం, పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా, అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి చూస్తారు. చెవుడు, డౌన్ సిండ్రోమ్, భాష ఆలస్యం అన్నీ వాళ్ల జాబితాలో ఉన్నాయి. వాళ్లు రాసిచ్చే చీటీతో జిల్లా పెద్దాసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే చూసే కేంద్రం) ఎక్కడుందో కనుక్కుని వెళ్లాలి. బండి వచ్చేదాకా ఆగలేకపోతే నేరుగా జిల్లా ఆసుపత్రికే పోండి, తప్పేమీ లేదు.

హైదరాబాద్‌లో చెవికి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, పిల్లల జబ్బులకు నిలోఫర్, జన్యువులకు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో బుద్ధి ఎదుగుదలకు ఎన్ఐఈపీఐడీ. భువనగిరి వైపు వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. ఒకే ఫైలులో బేరా రిపోర్టు, కాన్పు కాగితాలు, గీసిన చెట్టు, టీకా కార్డు, వీడియోలు ఉన్న ఫోన్ తీసుకుపోండి. మా చెట్టు చూసి నిమ్స్‌లో ఐదు నిమిషాల్లో ఏ పరీక్షో చెప్పారు, అంతకుముందు ఒక ప్రైవేటు చోట ఏమీ చూడకుండా మూడు పరీక్షలు రాశారు.

రక్తం ఇచ్చేముందు

నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ పరీక్ష దేన్ని వెతుకుతుంది, దేన్ని వెతకలేదు? మా ఇద్దరి రక్తం కూడా కావాలా? రిపోర్టు ఎన్ని వారాలకు? దాన్ని కూర్చోబెట్టి ఎవరు చెబుతారు? నాలుగో దానికి జవాబు లేని చోట ఇవ్వకండి, వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను చూసి ఏడ్చినవాళ్లను చూశాను. కారియోటైప్‌కు బతికున్న కణాలు కావాలి, శాంపిల్ తొందరగా ల్యాబ్‌కు చేరాలి, శనివారం సాయంత్రం జిల్లాలో ఇచ్చి సోమవారం దాకా ఎక్కడో పెట్టించొద్దు.

రిపోర్టులో పాథోజెనిక్ అని ఉంటే కారణం దొరికినట్టు, కానీ అది బిడ్డ లక్షణాలకు సరిపోతుందో డాక్టరే చెప్పాలి. వీయూఎస్ అని ఉంటే ఒక మార్పు కనిపించింది, అది మంచిదో చెడ్డదో ఇప్పుడు చెప్పలేమని అర్థం. వీయూఎస్ చూసి పెళ్లిళ్లు ఆపకండి, కడుపు తీయించుకోకండి, చాలాసార్లు అమ్మానాన్నల రక్తం చూస్తే అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఉందని తేలిపోతుంది. ఏమీ దొరకలేదు అంటే జన్యు కారణం లేదని కాదు, ఆ పరీక్షకు చిక్కలేదని. ఏడాదీ రెండేళ్ల తర్వాత అదే డేటాను మళ్లీ చూడమని అడగొచ్చు, కొత్త జన్యువులు తెలుస్తూనే ఉంటాయి.

తర్వాతి కాన్పు గురించి అయితే కడుపు రాకముందే మాట్లాడండి. కారణం కచ్చితంగా తెలిసిన ఇంట్లో పదకొండు వారాల నుంచి మాయ ముక్కతో, పదహారు వారాల నుంచి ఉమ్మనీటితో పరీక్ష ఉంది. ఆడా మగా అడగకండి, 1994 చట్టం ప్రకారం నేరం. పరీక్ష అంటే తీయించుకోవడానికే అని కూడా కాదు. మేము రెండోసారి కడుపులో ఏ పరీక్షా చేయించలేదు, పుట్టిన వారానికే చెవి చూపించాం. బాబుకు వినపడుతుంది.

రిపోర్టు వచ్చేదాకా ఊరికే కూర్చోవద్దు

స్పీచ్ థెరపీ అనుమానం వచ్చిన వారమే మొదలుపెట్టాలి, జన్యువు పేరు దానికి అవసరం లేదు. సైగలూ బొమ్మలూ వాడితే మాట రాదు అనే భయం వద్దు, అవి మాటకు దారి వేస్తాయి. వినికిడి యంత్రం పెట్టించాక తీసి అల్మారాలో దాచకండి, పెళ్లికి పోయినప్పుడు చుట్టాలు చూస్తారని మా ఇంట్లో రెండుసార్లు తీయించారు, మూడోసారి నేను ఊరుకోలేదు.

కాక్లియర్ ఇంప్లాంట్ ఆరోగ్యశ్రీలో ఉంది, కేంద్రం వాళ్ల ఏడీఐపీ పథకంలోనూ ఉంది, రెంటికీ వయసు హద్దులు ఉన్నాయి, అందుకే నేను మొదటి నుంచి తొందర పెడుతున్నది. ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి థెరపీ ఉంటుంది, వారానికి ఎన్నిసార్లు, ఎక్కడ, ఎవరు తీసుకుపోతారు, అది ముందే కూర్చుని తేల్చుకోండి. కూలికి పోయే ఇంట్లో ఇది ఆపరేషన్ కంటే పెద్ద సమస్య. బుద్ధి ఎదగనివాళ్లకు, ఆటిజం ఉన్నవాళ్లకు నిరామయ అనే బీమా ఉంది, లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. 2016 వికలాంగుల చట్టంలో మాట, భాష వైకల్యం విడిగా ఒక రకంగా ఉంది, కాబట్టి "మూగ కాదు కదా" అని ఎవరైనా అంటే ఆ చట్టం పేరు చెప్పండి. సర్టిఫికెట్ కోసం తేదీ తీసుకుని క్యాంపుకు పోయేటప్పుడు బేరా, ఆడియోగ్రామ్ (వినికిడి గ్రాఫు) ఒరిజినల్ తీసుకుపోండి. జిరాక్స్ చూసి వెనక్కి పంపితే మళ్లీ తేదీ దొరకడానికి నెలలు పడుతుంది.